మాటకు రూపాయి

మా పిన్ని కొడుకు డిసెంబరు రెండో వారంలో న్యూజెర్సీ నుంచి దిగాడు. పెట్టెలు ఇంకా విప్పనైనా లేదు, నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. "అన్నయ్యా, మన ఊళ్లో సన్మానం పెడుతున్నారు. కార్డు మీద వేయడానికి నా ఇంట్రో కాస్త తెలుగులో రాసిపెట్టు. నీకు అయిదు నిమిషాల పని" అన్నాడు. ముప్పై ఏళ్లు దినపత్రిక డెస్కులో కూర్చుని ప్రెస్ నోట్లు తిరగరాసిన చెయ్యి నాది. నీటిపారుదల శాఖవారి ఇంగ్లీషునే తెలుగు చేసినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకుని కళ్లజోడు పెట్టుకున్నాను.

కాగితం మీద 'స్ట్రాటజిక్ కమ్యూనికేషన్స్ కన్సల్టెంట్' అని ఉంది. దాని పక్కన 'కమ్యూనిటీ లీడర్'. కింద 'థాట్ లీడర్', ఆ కింద 'ఛేంజ్ మేకర్'. వీటి మధ్య 'ప్యాషనేట్' అన్న మాట పులిహోరలో పల్లీల్లాగా ఎక్కడ పడితే అక్కడ పంటికి తగులుతోంది.

మన భాషకు ఒక చాదస్తం ఉంది. మనిషి ఫలానా అని చెబితే చాలదు, ఏం చేస్తాడో క్రియ అడుగుతుంది. మేస్త్రీ గోడ కడతాడు. ప్లీడరు వాదిస్తాడు. జేబుదొంగ కత్తిరిస్తాడు. వీడికి క్రియ దొరక్క అడిగాను.

"ఇంతకీ నువ్వేం చేస్తావురా?"

"క్లయింట్ల నెరేటివ్ చూస్తాను అన్నయ్యా."

"చూసి?"

"షేప్ చేస్తాను."

"అంటే?"

"అంటే... జరిగింది వేరు, అది జనంలోకి వెళ్లేది వేరు కదా. ఆ రెండింటి మధ్యా నేనుంటాను."

వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "చిన్నప్పట్నుంచీ అంతేగా వీడు. గ్లాసు పగలగొట్టి పిల్లి మీద చెప్పేవాడు."

ఈ వృత్తి మీద వచ్చిన లావుపాటి పుస్తకాలు నేను కొన్ని చదివాను. పిన్ని చెప్పినంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఈ వృత్తికి తాతలాంటి ఐవీ లీ అనే అమెరికా పెద్దమనిషి చేసిందీ అదే. ముందు మావాడే, అంటే విలేఖరి. జీతం చాలక అవతలి గట్టుకు వెళ్లాడు. 1906లో 'మేం పత్రికలకు నిజాలే ఇస్తాం, దాపరికం ఉండదు' అని ఒక సూత్రాల ప్రకటన కూడా పంచిపెట్టాడు. 1914లో కొలరాడోలోని లడ్లోలో బొగ్గుగని కార్మికులు సమ్మె చేస్తున్నారు. కంపెనీ ఇళ్లలోంచి గెంటేస్తే గుడారాలు వేసుకుని ఉన్నారు. ఏప్రిల్ 20న వాటి మీద సైనికులూ కంపెనీ మనుషులూ తుపాకులు పేల్చారు, గుడారాలు తగలబడ్డాయి. తూటాలకు భయపడి ఒక గుడారం కింద గోతిలో దాక్కున్న ఇద్దరు స్త్రీలు, పదకొండు మంది పిల్లలు పొగకు ఊపిరాడక అక్కడే పోయారు. గనుల కంపెనీ రాక్‌ఫెల్లర్ల చేతిలో ఉంది. దేశమంతా ఛీకొడుతుంటే రాక్‌ఫెల్లర్ జూనియర్ ఐవీ లీని పెట్టుకున్నాడు.

లీ 'నిజాలు' అనే పేరు పెట్టి కరపత్రాలు దేశమంతా పంచాడు. వాటిలో పిల్లి దొరికింది. ఆ పిల్లి పేరు పొయ్యి. గుడారంలో పొయ్యి తిరగబడి మంటలు లేచాయట! కార్మిక నాయకులు తొమ్మిది వారాల్లో ఇంత తిన్నారని ఒక లెక్క వేశాడు, తీరా చూస్తే అది ఏడాది లెక్క. తర్వాత విచారణ సంఘం ముందు నిలబెట్టి, కంపెనీ వాళ్లిచ్చిన సంగతులు నిజమో కాదో చూసుకోవడానికి నువ్వేం చేశావయ్యా అని అడిగితే, ఏమీ చేయలేదని ఒప్పుకున్నాడు. నవలాకారుడు అప్టన్ సింక్లెయిర్ అతనికి 'పాయిజన్ ఐవీ' అని పేరు పెట్టాడు. అమెరికాలో ఆ పేరుతో ఒక తీగ ఉంది, ఆకు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. మన దురదగొండిలాంటిది.

ఇదే లీ చివరి రోజుల్లో జర్మనీ రసాయనాల కంపెనీ ఐ.జి. ఫార్బెన్ దగ్గర ఏడాదికి 25 వేల డాలర్లు పుచ్చుకుని, హిట్లర్ సర్కారును అమెరికావాళ్లు ఎలా మెచ్చుకుంటారో సలహా చెప్పాడు. 1934లో అమెరికా కాంగ్రెస్ సంఘం అడిగేసరికి బయటపడింది. ఆ ఏడే పోయాడు. పరాయి ప్రభుత్వానికి నోరు అద్దెకిచ్చేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలని అమెరికాలో 1938లో చట్టం వచ్చింది. దాని వెనక ఆ సంఘం బయటపెట్టిన సంగతులున్నాయి.

వృత్తి అదే ఉంటుంది, బోర్డు మాత్రం మారుతూ ఉంటుంది. మొదట 'ప్రెస్ ఏజెంటు'. తర్వాత 'ప్రాపగాండా'. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ల పుణ్యమా అని ఆ మాటకు పేరు చెడింది. అప్పుడు ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ఆయన, మనస్తత్వశాస్త్రవేత్త ఫ్రాయిడ్‌కు స్వయానా మేనల్లుడు, 'పబ్లిక్ రిలేషన్స్ సలహాదారు' అని బోర్డు రాయించాడు. 1929 ఈస్టర్ పండుగ నాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కొందరు అమ్మాయిలు నడిరోడ్డు మీద సిగరెట్లు ముట్టించారు. అవి సిగరెట్లు కావు, స్వేచ్ఛా జ్యోతులట! పత్రికలు మహిళా ఉద్యమమని రాశాయి. ఉద్యమం బిల్లు అమెరికన్ టొబాకో కంపెనీ కట్టింది, ఏర్పాటు బెర్నేస్‌ది. ఆడవాళ్లు బయట సిగరెట్ కాల్చకపోవడం వల్ల సగం బేరం పోతోందని కంపెనీ బాధ. బాధ కంపెనీది, జెండా ఆడవాళ్లది.

పబ్లిక్ రిలేషన్స్ మాట మనదాకా వచ్చేసరికి పీఆర్వో అయింది. జిల్లాకొక డీపీఆర్వో, సినిమాకొక పీఆర్వో. ఆ మాటకూ మెల్లగా మకిలి పట్టింది. పీఆర్ స్టంటు అంటే రిక్షావాడికి కూడా అర్థమయ్యే రోజొచ్చింది. ఇక బోర్డు మార్చక తప్పదు. అలా వచ్చిందే మా వాడి కాగితం మీది 'స్ట్రాటజిక్ కమ్యూనికేషన్స్'. నోటికి నిండుగా ఉంది, నాలుగు రోజులు అర్థం కాకుండా నెట్టుకురావచ్చు. ఊరందరి పేరూ కాపాడతామని దుకాణం పెట్టినవాళ్లు తమ వృత్తికి వందేళ్లు ఒక్క పేరు నిలబెట్టుకోలేకపోయారు!

మొదటి బిరుదు సంగతి ఇది. నా చెయ్యి అసలు ఆగింది రెండో బిరుదు దగ్గర.

"లీడర్ అంటే నాయకుడు. ఎవరెన్నుకున్నార్రా నిన్ను?"

"ఎన్నుకోవడం ఏమిటన్నయ్యా, కమ్యూనిటీ నన్ను అలా చూస్తుంది."

"ఏ కమ్యూనిటీ?"

వాడు ఫోను తీసి వాట్సాప్ గ్రూపులు చూపించాడు. పైకి తోస్తుంటే తరగడం లేదు. అన్నిటికీ వీడే అడ్మిను. ఉగాది గ్రూపు, సంక్రాంతి ముగ్గుల గ్రూపు, బతుకమ్మ గ్రూపు, 'ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చినవారు' గ్రూపు. పాపం, మామిడికాయ పచ్చడి ఏ కొరియర్లో పంపాలో కనుక్కుందామని చేరిన ఇల్లాలు కూడా వీడి వెనక ఉన్న జనసంఖ్యలో ఒకటి. ఆమెకు ఆ సంగతి తెలియదు. అక్కడికి మన ఎమ్మెల్యేలో, ఎన్నికలకు ముందు ఎమ్మెల్యేలు కాబోయేవాళ్లో వస్తే 'మీట్ అండ్ గ్రీట్' పెట్టేది వీడే. "నా వెనక నలభై వేల మంది ఉన్నారు" అని వాళ్లకు చెబుతాడు. ఇటు తిరిగి, "మంత్రిగారు నాకు బాగా క్లోజు" అని నలభై వేల మందికీ చెబుతాడు. అటువాళ్లకు ఇటువాళ్లను, ఇటువాళ్లకు అటువాళ్లను చూపించి మధ్యలో బతికేవాణ్ణి మా మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటు అంటారు. మిర్చి బస్తాకైతే తూకం ఉంటుంది.

ఈ మధ్యవర్తిత్వం మామూలు సంగతి అనుకోకండి. 1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, కాంగ్రెస్ సభ్యుల మానవహక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల పిల్ల కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడింది. కువైట్ ఆసుపత్రిలో ఇరాక్ సైనికులు పసిబిడ్డలను ఇంక్యుబేటర్లలోంచి తీసి చల్లటి నేల మీద పడేసి చావనిచ్చారని చెప్పింది. కరగని గుండె లేదు. అధ్యక్షుడు బుష్ ఆ మాట పదేపదే ఎత్తాడు. సెనేట్‌లో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతి 52-47 ఓట్లతో బొటాబొటిగా గట్టెక్కింది. సెనేటర్లలో కొందరు ఆ బిడ్డల కథ చెప్పే ఓటు వేశారు. 1992 జనవరిలో తెలిసిందేమిటంటే, ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారిగారి కూతురు. యుద్ధం అయ్యాక వెళ్లి వెతికితే ఆ కథకు ఆధారం దొరకలేదు. ఆ ప్రచారమంతా నడిపింది హిల్ అండ్ నోల్టన్ అనే పెద్ద పీఆర్ కంపెనీ.

వాళ్ల క్లయింటు పేరు చూడండి: 'స్వేచ్ఛా కువైట్ కోసం పౌరులు'. పౌరులు! దానికి వచ్చిన డబ్బులో కోటి డాలర్ల పైన కువైట్ ప్రభుత్వానిది. పౌరులనబడే వ్యక్తులు వేసిన చందాలు మొత్తం 18 వేల డాలర్లు కూడా లేవు. మా వీధి వినాయకుడి పందిరికి ఇంతకన్నా నిజాయితీగా చందాలు వస్తాయి, కనీసం పందిట్లో వినాయకుడైనా ఉంటాడు.

కువైట్ మీద ఇరాక్ దండెత్తడం నిజమే, జనం చావడం నిజమే. నిజం చేతిలో ఉండగా అబద్ధం ఎందుకు కొన్నారంటే, అమ్మేవాడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు కాబట్టి. పౌరులు, ప్రజలు, కమ్యూనిటీ అన్న మాటలు ఈ అంగడిలో సరుకు కట్టే కాగితాలు.

మా వాడు యుద్ధాలు చేయించేంతవాడు కాదులెండి. వాడివి కుట్టుమిషన్లు.

డిసెంబరు వచ్చిందంటే కృష్ణా గుంటూరు జిల్లాల్లో సేవ పొంగుతుంది. అక్కడ క్రిస్మస్ సెలవులు, ఇక్కడ మంచి వాతావరణం. మా ఊరి హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. వేదిక వెనక ఫ్లెక్సీ. దాని మీద మా వాడి బొమ్మ ఎంత పెద్దదంటే, చెవి దగ్గర నిలబడితే అధ్యక్షులవారు కనపడరు. అమెరికాలో మనవాళ్లకు జాతీయ స్థాయి సంఘాలే అరడజను పైన ఉన్నాయి. ఒక్కొక్కటీ చీలినప్పుడల్లా ఇద్దరు అధ్యక్షులు పుడతారు. చీలడానికి కారణం సిద్ధాంతమని వేదిక మీద చెబుతారు. భోజనాల దగ్గర ఏ బల్ల మీద ఎవరు కూర్చున్నారో చూస్తే సిద్ధాంతం ఇంటిపేరుతో సహా తెలిసిపోతుంది.

పది కుట్టుమిషన్లు వరసగా పెట్టారు. మొదటి మిషను ఒక ముప్పై అయిదేళ్ల ఆవిడకు ఇచ్చారు. ఇచ్చారు అంటే, మిషను మీద చేతులు పెట్టారు. నేను లెక్కపెట్టాను, పదకొండు చేతులు. ఒకాయనకు చోటు చాలక పాదం పెట్టే పెడలు పట్టుకుని వంగాడు. కెమెరా కుర్రాడు, "అమ్మా, కొంచెం నవ్వు" అన్నాడు. ఆవిడ నవ్వింది. "ఇంకో పేపరాయన లేటుగా వచ్చాడు, మళ్లీ ఒకసారి" అన్నాడు. ఇచ్చిన మిషను వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. మూడోసారి లోకల్ ఛానలు కోసం. ఉపన్యాసాలు అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆవిడ నా దగ్గరకొచ్చి, "బాబుగారూ, ఇది ఇంటికి తీసుకుపోవచ్చా, ఇంకా ఫొటో ఉందా?" అని అడిగింది.

మా వాడు వింటూనే ఉన్నాడు. "చూశావా అన్నయ్యా, ఎంత ఎంగేజ్‌మెంటో!" అన్నాడు.

అందరినీ ఒక గాటన కట్టకూడదు. చదువుకోను వెళ్లిన పిల్లాడు అక్కడ రోడ్డు ప్రమాదంలో పోతే, ఇక్కడ తల్లిదండ్రులకు ఏ కాగితం ఎవరికివ్వాలో కూడా తెలియదు. కాన్సులేటుకు ఫోన్లు చేసి, చందాలు పోగేసి, అర్ధరాత్రి విమానాశ్రయంలో పెట్టె ఎక్కేదాకా నిలబడేవాళ్లు ఆ సంఘాల్లోనే ఉన్నారు. అలాంటాయన ఒకాయన నాకు తెలుసు. మీ పరిచయం రాసివ్వండి, పత్రికలో వేద్దాం అంటే, 'అకౌంటెంటు' అని రాసిచ్చి ఊరుకున్నాడు. ఆ పెట్టెల సంగతి రాయొద్దన్నాడు, ఆ పిల్లల అమ్మానాన్నలు చదువుతారని.

మర్నాడు పేపర్లు వచ్చాయి. మా వాడు ముందే పురమాయించిన కుర్రాడొకడు కత్తెర, స్కేలు పట్టుకుని కూర్చున్నాడు. జిల్లా అనుబంధంలో ఎక్కడెక్కడ మా వాడి పేరుందో కత్తిరించడం, పొడవూ వెడల్పూ కొలవడం, ఎన్ని చదరపు సెంటీమీటర్లో నోటుపుస్తకంలో వేయడం. దాన్ని ఆ పేపరు ప్రకటన రేటుతో హెచ్చవేస్తే, ఈ సేవ వల్ల ఇన్ని లక్షల విలువైన ప్రచారం వచ్చిందని లెక్క. కొంతమంది ఆ మొత్తాన్ని మళ్లీ మూడుతో హెచ్చవేస్తారు. ఎందుకయ్యా అంటే, జనం ప్రకటన కంటే వార్తను ఎక్కువ నమ్ముతారు కాబట్టి అంటారు. ఈ కొలత పనికిరాదని 2010లో ఈ వృత్తివాళ్లే బార్సిలోనాలో కూర్చుని తీర్మానించారు. తీర్మానం తీర్మానమే, స్కేలు స్కేలే. పది మిషన్ల ఖరీదు కంటే కత్తిరింపుల ఖరీదు ఎక్కువ తేలింది. వాడికి సంతోషమైంది.

జనం వార్తను నమ్ముతారన్న ఆ ఒక్క ముక్క దగ్గర నేనూ తల వంచుకోవాలి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల ప్రకటనలు వార్తల వేషం వేసుకుని, రేటు కార్డు ప్రకారం అచ్చయ్యాయని గోలయింది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం ఆ గోలలో వెనకబడి లేదు. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు 2010లో పత్రికల పేర్లతో సహా 71 పేజీలు రాసిచ్చారు. కౌన్సిలు ఆ పేజీలను బీరువాలో పెట్టి, పేర్లు లేని సారాంశం ఒకటి బయటపెట్టింది. పూర్తి నివేదిక అధికారికంగా బయటికి రావడానికి 2011 దాకా, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించేదాకా ఆగాల్సి వచ్చింది. అమ్ముకున్న వార్తల మీద వార్త రావడానికి సమాచార హక్కు చట్టం కావలసివచ్చింది! నేను మాత్రం ఎప్పుడూ కవరు ముట్టలేదని ఇక్కడ రాయొచ్చు. కానీ అది నా ప్రెస్ నోటు అవుతుంది, ఎవరూ సరిచూడరు.

ఈ వృత్తికి శిక్ష పడదా అంటే ఒకసారి పడింది. లండన్‌లో బెల్ పాటింజర్ అని గొప్ప కంపెనీ ఉండేది. దక్షిణాఫ్రికాలో గుప్తా సోదరులు, మన సహారన్‌పూర్ నుంచి వెళ్లినవాళ్లే, తమ మీద వచ్చిన అవినీతి ఆరోపణలను మళ్లించడానికి నెలకు లక్ష పౌండ్లిచ్చి దాన్ని పెట్టుకున్నారు. 'తెల్లవాళ్ల గుత్తాధిపత్య పెట్టుబడి' మీద జనం కోపం రగిలించే ప్రచారం మొదలైంది. అసలే మండుతున్న దేశం. ఆ పెట్టుబడి మీద అక్కడి నల్లవాళ్లకు నిజమైన కోపం ఉంది, దాన్ని గుప్తాలు నెల జీతానికి వాడుకున్నారు. 2017 సెప్టెంబరులో బ్రిటన్ పీఆర్ సంఘం ఆ కంపెనీని వెలివేసింది. పదిహేను రోజులు తిరక్కుండానే దివాలా పరిపాలనలోకి పోయింది. ఇంతకాలం ఊళ్లోవాళ్ల పరువుకు మాట్లు వేసిన కంపెనీ, తన పరువు చిరిగిన రోజున సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

ఇదంతా మా వాడికి చెప్పాను. ఓపికగా విన్నాడు, వినడం కూడా వాళ్ల శిక్షణలో భాగమట. "నీ పాయింటు తీసుకున్నాను అన్నయ్యా, కానీ నువ్వు చాలా నెగెటివ్‌గా ఫ్రేమ్ చేస్తున్నావు" అన్నాడు.

చివరికి నేను రాసిచ్చిన పరిచయం ఇది: 'ఫలానావారి అబ్బాయి. అమెరికాలో ఉంటారు. డబ్బిచ్చినవారి తరఫున మాట్లాడతారు. తెలుగువారి తరఫున కూడా మాట్లాడతారు, వారు అడగలేదు.' పిన్ని చదివి, బాగానే ఉంది గదరా అంది. మా వాడు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మూడు రోజుల తర్వాత హైదరాబాదు నుంచి ఒక ఏజెన్సీ అమ్మాయి ఫోను చేసింది. రిటైరయ్యాక ఇలాంటి అనువాదాలు అప్పుడప్పుడు చేస్తుంటాను, పింఛను సంగతి మీకు తెలియనిది కాదు. "సార్, అర్జెంటు మ్యాటరుంది. మాటకు రూపాయి. సన్మాన పత్రం, కొంచెం ఘనంగా ఉండాలి" అంది. వాట్సాప్ తెరిచాను. అదే కాగితం. పులిహోరా అదే, పల్లీలూ అవే.

రాశాను. 'వ్యూహాత్మక సమాచార సలహాదారు' అన్నాను, 'జాతిరత్నం' అన్నాను, 'ప్రవాసాంధ్రుల ఆశాజ్యోతి' అన్నాను. చివర్లో ఒక చిక్కు వచ్చింది. 'నిస్వార్థసేవకుడు' అని సమాసం చేసి కలిపి రాస్తే ఒక మాట. విడదీస్తే రెండు.

విడదీసే రాశాను.